టూల్‌బార్ చూసి రిచ్ టెక్స్ట్ ఎడిటర్‌ని ఎంచుకోకండి

ఫోన్ కొనేటప్పుడు వెనక గ్లాస్ మెరుస్తోందని డబ్బులు కట్టేయం కదా. లోపల చిప్‌సెట్ ఏంటి, అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయి అని అడుగుతాం. సొంతంగా రివ్యూ సైట్ పెట్టేవాళ్లు మాత్రం సీఎంఎస్‌లో రాసే పెట్టె దగ్గరికొచ్చేసరికి బటన్లు లెక్కపెట్టి ఆగిపోతారు. బోల్డ్ ఉంది, టేబుల్ ఉంది, ఎమోజీ ఉంది, ఇంకేం కావాలి అనుకుంటారు. ఆ పెట్టె పేరే రిచ్ టెక్స్ట్ ఎడిటర్.

ఈ ఆర్టికల్‌లో నేను చెప్పేది ఒక్కటే. ఎడిటర్‌ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అది డేటాబేస్‌లో వదిలిన కంటెంట్ మాత్రం మీ సైట్ ఉన్నంతకాలం ఉంటుంది. కాబట్టి బటన్ల సంగతి తర్వాత. ముందు ‘సేవ్’ నొక్కాక ఏం మిగులుతుందో చూడాలి.

పెట్టె లోపల ఏం జరుగుతోంది?

వెబ్ పేజీలో ఏ భాగాన్నైనా ఎడిట్ చేసుకునేలా మార్చే ‘కంటెంట్ ఎడిటబుల్’ సదుపాయం 2000లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5.5తో వచ్చింది. తర్వాత మిగతా బ్రౌజర్లూ తెచ్చుకున్నాయి. చిక్కల్లా ఒక్కో బ్రౌజర్ ఒక్కోలా హెచ్‌టీఎంఎల్ రాయడమే. ఎంటర్ కొడితే ఒకటి పేరా ట్యాగ్ పెట్టేది, ఇంకోటి డివ్ పెట్టేది. 2003లో ఎఫ్‌సీకే ఎడిటర్ (తర్వాత సీకే ఎడిటర్ అయింది), 2004లో టైనీఎంసీఈ వచ్చి ఈ గందరగోళాన్ని చాలావరకు సర్దాయి.

సీకే ఎడిటర్ 5, ప్రోజ్‌మిర్రర్, క్విల్, లెక్సికల్ లాంటి కొత్త తరం ఎడిటర్ల పద్ధతి వేరు. అవి బ్రౌజర్‌ని నమ్మవు. డాక్యుమెంట్‌కి సొంతంగా ఒక మోడల్ పెట్టుకుంటాయి, స్క్రీన్ మీద మీరు చూసేది ఆ మోడల్‌కి బొమ్మ మాత్రమే. లాభం: శుభ్రమైన అవుట్‌పుట్. ఖర్చు: మోడల్‌కి తెలియనిది ఏదైనా వస్తే దాన్ని వదిలేస్తుంది.

ఈ ఖర్చు ఎంత నిజమో డ్రూపల్‌ని చూస్తే తెలుస్తుంది. 2015లో వచ్చిన డ్రూపల్ 8లో సీకే ఎడిటర్ 4 ఉండేది. దానికి సపోర్ట్ 2023 జూన్‌తో ఆగిపోనుంది కాబట్టి, 2022 డిసెంబర్‌లో వచ్చిన డ్రూపల్ 10 సీకే ఎడిటర్ 5కి మారింది. పేరు అదే అయినా లోపల మొత్తం కొత్తగా రాసిన కోడ్. ఏ ప్లగిన్‌కీ తెలియని ట్యాగ్ పాత ఆర్టికల్‌లో ఉంటే, ఆ ఆర్టికల్‌ని తెరిచి సేవ్ చేయగానే అది ఎగిరిపోతుంది. అందుకే పాత సైట్లలో ఏ ట్యాగులు అనుమతిస్తున్నారో చూసి కొత్త ఎడిటర్ సెట్టింగులు తయారుచేసే ఏర్పాటు డ్రూపల్‌లో పెట్టారు. చిన్న సైట్‌కి ఆ పని మీరే చేసుకోవాలి.

మొదటి ప్రశ్న: ఏ రూపంలో సేవ్ చేస్తారు?

మూడు రకాలున్నాయి.

ఒకటి, నేరుగా హెచ్‌టీఎంఎల్. టైనీఎంసీఈ, సీకే ఎడిటర్ ఇచ్చేది ఇదే. ఏ టెంప్లేట్‌లోనైనా పెట్టేయొచ్చు, రేపు ఎడిటర్ మారినా చదవడానికి ఇబ్బంది లేదు. కానీ ‘ఈ ఆర్టికల్‌లో ఉన్న ఫొటోలన్నీ ఇవ్వు’ అంటే ట్యాగులు తవ్వుకోవాలి.

రెండు, జేసన్. క్విల్ తన ‘డెల్టా’ ఫార్మాట్‌లో, ఎడిటర్ జేఎస్ బ్లాకుల జాబితాగా ఇస్తాయి. రేపు ఆండ్రాయిడ్ యాప్ చేసి అదే ఆర్టికల్‌ని వెబ్‌వ్యూ లేకుండా చూపించాలంటే ఇది హాయిగా ఉంటుంది. కాకపోతే ఆ జేసన్‌ని పేజీగా మార్చే కోడ్ మీ బాధ్యతే. ఎడిటర్ ఆగిపోయినా ఆ కోడ్‌ని మీరు మోస్తూనే ఉండాలి.

మూడు, మధ్యేమార్గం. 2018 డిసెంబర్‌లో వర్డ్‌ప్రెస్ 5.0తో వచ్చిన గూటెన్‌బర్గ్ ఇలా చేసింది. కంటెంట్ హెచ్‌టీఎంఎల్‌గానే ఉంటుంది, బ్లాకుల హద్దులు మాత్రం హెచ్‌టీఎంఎల్ కామెంట్లుగా రాసి పెడుతుంది. రేపు బ్లాక్ ఎడిటర్‌ని తీసేసినా చాలావరకు రాత మామూలు పేజీలాగే కనిపిస్తుంది. గూటెన్‌బర్గ్ నచ్చినా నచ్చకపోయినా, ఈ ఒక్క నిర్ణయం మాత్రం నాకు చాలా తెలివైనదనిపిస్తుంది.

రెండో ప్రశ్న: అసలు ఎడిటర్‌లో ఏం ఉండకూడదు?

గాడ్జెట్ సైట్లకి ఇది అన్నిటికంటే ముఖ్యం. ధర, ర్యామ్, బ్యాటరీ కెపాసిటీ, రేటింగ్ లాంటివి ఎడిటర్‌లో టేబుల్ గీసి రాయకండి. ఫోన్ ధర పండగ సేల్‌లో ఒకటి, నెల తర్వాత ఇంకోటి. రివ్యూలో, పోలికల ఆర్టికల్‌లో, ‘20 వేలలోపు బెస్ట్ ఫోన్లు’ లిస్టులో ఆ అంకె చేత్తో రాసి ఉంటే మూడు చోట్లా వెతికి మార్చాలి. ఒకచోట మర్చిపోతే, పాత ధర నమ్మి వచ్చిన పాఠకుడు మళ్లీ మన మాట నమ్మడు. ధరకి వేరే ఫీల్డ్ పెట్టి టెంప్లేట్‌లో చూపిస్తే ఒక్కచోట మారిస్తే చాలు. ఫిల్టర్లు, పోలికలు కూడా ఆ ఫీల్డులతోనే పనిచేస్తాయి. ఎడిటర్‌లో ఉండాల్సింది మీ అభిప్రాయం, మీ వాక్యాలు, వాటి మధ్య ఫొటోలు. అంతే.

ఇలా చేశాక టూల్‌బార్ కూడా తగ్గిపోతుంది. ఫాంట్ సైజు, రంగు బటన్లు తీసేయండి. వాటిని ఇస్తే ఒక్కో రైటర్ ఒక్కో రంగు వాడతాడు, డార్క్ మోడ్‌లో ఆ నల్ల అక్షరాలు కనిపించవు. తెలుగు సైటైతే ఇటాలిక్ కూడా అక్కర్లేదంటాను. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్‌లో విడిగా ఇటాలిక్ లేదు. బ్రౌజర్ ఉన్న అక్షరాన్నే పక్కకి వంచేస్తుంది, ఒత్తులతో కలిసి చూడ్డానికి బాగోదు.

కలపడానికి మూడు దారులు

సీఎంఎస్‌తో వచ్చిన ఎడిటర్‌నే వాడటం మొదటి దారి. ఫొటో అప్‌లోడ్, డ్రాఫ్టులు, యూజర్ అనుమతులు అన్నీ అప్పటికే కలిపి ఉంటాయి. ఒకరిద్దరు నడిపే సైట్‌కి నేను దీన్నే సూచిస్తాను.

రెండోది, సొంత సీఎంఎస్‌లో రెడీమేడ్ ఎడిటర్ పెట్టడం. టెక్స్ట్ బాక్స్ ఉన్నచోట నాలుగు లైన్ల స్క్రిప్ట్ పెడితే ఎడిటర్ వచ్చేస్తుంది. అసలు పని ఆ తర్వాతే. ఫొటో పేస్ట్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో మీరు చెప్పకపోతే, కొన్ని ఎడిటర్లు దాన్ని బేస్64 టెక్స్ట్‌గా మార్చి ఆర్టికల్‌లోనే దాచేస్తాయి. అలా దాస్తే సైజు మూడో వంతు పెరుగుతుంది. 3 ఎంబీ ఫొటో 4 ఎంబీ అక్షరాలై డేటాబేస్‌లో కూర్చుంటుంది. అప్‌లోడ్ హ్యాండ్లర్ రాసుకోవడం తప్పనిసరి. ఇంకోటి, ఎడిటర్ ఫైళ్లు కంపెనీ క్లౌడ్ నుంచి తీసుకుంటారా, మీ సర్వర్‌లో పెట్టుకుంటారా అన్నది ముందే తేల్చుకోండి. క్లౌడ్ ప్లాన్లలో ఎడిటర్ ఎన్నిసార్లు లోడ్ అయిందో లెక్కేసి బిల్లు వేసేవి ఉన్నాయి.

మూడోది, ప్రోజ్‌మిర్రర్, దాని మీద కట్టిన టిప్‌టాప్, లేదా మెటా 2022లో ఓపెన్ సోర్స్ చేసిన లెక్సికల్ తీసుకుని మీ ఎడిటర్ మీరే కట్టుకోవడం. ‘ప్లస్‌లు, మైనస్‌లు’ అనే మీ సొంత బ్లాక్ కావాలంటే ఇది సరైన దారి. కానీ టూల్‌బార్, లింక్ బాక్స్, పేస్ట్ క్లీనింగ్ లాంటివి చాలావరకు మీరే చేసుకోవాలి. చూసుకోవడానికి ఒక డెవలపర్ ఎప్పుడూ అందుబాటులో ఉంటేనే దీని జోలికి వెళ్లండి.

లైసెన్స్ కూడా చదవండి. టైనీఎంసీఈ 6 ఎంఐటీ లైసెన్స్‌తో వచ్చింది, 2024లో వచ్చిన 7 జీపీఎల్‌కి మారింది. సీకే ఎడిటర్ 5 కూడా జీపీఎల్ లేదా కమర్షియల్. ప్రోజ్‌మిర్రర్, లెక్సికల్‌వి ఎంఐటీ. మీ సీఎంఎస్‌ని కోడ్ బయటపెట్టకుండా ప్రొడక్ట్‌గా అమ్మే ఆలోచన ఉంటే ఈ తేడాయే నిర్ణయం మార్చేస్తుంది.

భద్రత ఎడిటర్ పని కాదు

ఎడిటర్ స్క్రిప్ట్ ట్యాగుల్ని రానివ్వట్లేదు కదా అని నిశ్చింతగా ఉండకండి. ఎడిటర్ ఉండేది యూజర్ బ్రౌజర్‌లో. దాన్ని పక్కనపెట్టి నేరుగా మీ సర్వర్‌కి ఏదైనా పంపొచ్చు. 2005 అక్టోబర్‌లో మైస్పేస్‌లో ఒక కుర్రాడు తన ప్రొఫైల్‌లో పెట్టిన స్క్రిప్ట్ ఫిల్టర్లని దాటుకుని, ఒక్క రోజులోపే పది లక్షలకి పైగా ప్రొఫైళ్లకి పాకింది. దాన్ని సామీ వార్మ్ అంటారు. అప్పుడూ ఫిల్టర్లున్నాయి, కానీ చెడ్డవాటిని ఆపే జాబితా ఎప్పుడూ పూర్తి కాదు. కాబట్టి సర్వర్‌లో ‘ఇవి మాత్రమే అనుమతి’ అనే జాబితాతో శుభ్రం చేయండి. పీహెచ్‌పీకి హెచ్‌టీఎంఎల్ ప్యూరిఫైయర్, జావాస్క్రిప్ట్‌కి డామ్‌ప్యూరిఫై లాంటి లైబ్రరీలు ఇందుకే ఉన్నాయి.

తెలుగులో, ఫోన్‌లో టెస్ట్ చేయండి

డెమో పేజీల్లో ఇంగ్లిష్ టైప్ చేసి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. నేనైతే ఈ నాలుగు చూడకుండా ఏ ఎడిటర్‌కీ ఓకే చెప్పను.

1. ఆండ్రాయిడ్‌లో జీబోర్డ్‌తో తెలుగు టైప్ చేయండి. ఫోన్ కీబోర్డులు చాలాసార్లు ఏ కీ నొక్కారో చెప్పవు, 229 అనే కోడ్ పంపి ఊరుకుంటాయి. కీ కోడ్‌ల మీద ఆధారపడే ఎడిటర్ ఇక్కడ తడబడుతుంది. కర్సర్ గెంతడం, పదం రెండుసార్లు పడటం గమనించండి.

2. ‘ఫోన్‌లో’ అని రాసి సేవ్ చేసి మళ్లీ తెరవండి. పొల్లుకీ ‘లో’కీ మధ్య కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. క్లీనింగ్ కోడ్ దాన్ని చెత్త అనుకుని తీసేస్తే ‘ఫోన్లో’ అయిపోతుంది. ఆర్టికల్‌లో ఇంగ్లిష్ మాటలన్నీ ఇలాగే అతుక్కుపోతాయి.

3. హోమ్ పేజీలో చూపే సారాంశం ఎక్కడ తెగుతోందో చూడండి. ‘క్షి’ మనకి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో నాలుగు. 150 దగ్గర గుడ్డిగా కోస్తే ఒత్తు తెగి పొల్లు మిగులుతుంది. ఖాళీ ఉన్నచోట కోయమని చెప్పండి.

4. వర్డ్ నుంచి ఒకసారి, అను ఫాంట్లలో టైప్ చేసిన పాత ఫైల్ నుంచి ఒకసారి పేస్ట్ చేయండి. వర్డ్ వెంట తెచ్చే స్టైల్ చెత్తని ఎడిటర్ వదిలించాలి. అను టెక్స్ట్ యూనికోడ్ కాదు కాబట్టి పిచ్చి గీతల్లా వస్తుంది. దాన్ని ఏ ఎడిటరూ బాగుచేయదు, ముందే కన్వర్టర్‌లో మార్చుకోవాలి.

ఇవన్నీ పాసయ్యాక ఆఖరి పరీక్ష ఒకటి. ఒక రివ్యూ రాసి సేవ్ చేయండి. డేటాబేస్ తెరిచి ఆ ఆర్టికల్ వరసని నోట్‌ప్యాడ్‌లోకి కాపీ చేసి చదవండి. ఎడిటర్ లేకుండా కూడా అందులో మీ రివ్యూ మీకు అర్థమైతే ఆ ఎడిటర్‌ని తీసుకోండి. అర్థం కాకపోతే, టూల్‌బార్ ఎంత బాగున్నా ఇంకోటి వెతకండి.