సునాముఖి: మేలూ, మితమూ

ఉర్దూ మాట్లాడే ఇండ్లలో 'సనా మక్కీ' అనీ, పచారీ దుకాణంలో 'సునాముఖి' అనీ, పల్లెలలో 'నేలతంగేడు' అనీ పిలిచేది ఒకే ఆకును. జగ్గయ్యపేట, నందిగామ మెట్టభూములలో పసుపుపచ్చగా పూచే తంగేడుకు ఇది దగ్గరి చుట్టమే కాని, అది వేరు, ఇది వేరు. అరబ్బు దేశాలకు చెందిన ఈ మొక్క తమిళనాట తిరునల్వేలి ప్రాంతంలో పంటగా స్థిరపడి, యునానీ, ఆయుర్వేద వైద్యాలు రెండింటిలోనూ చోటు సంపాదించుకొన్నది.

ఈ ఆకులోని సెన్నోసైడులు అనే పదార్థాలు పెద్దపేగు చేరేవరకు పనిచేయవు. అక్కడి సూక్ష్మజీవులు వాటిని మార్చిన తరువాతనే పేగు కదలిక హెచ్చుతుంది. మలంలో నీరు నిలుస్తుంది. అందుకే రాత్రి పుచ్చుకొంటే 6 మొదలు 12 గంటలలో విరేచనమవుతుంది. గంటలో ఫలితం కనబడలేదని మరల పుచ్చుకొనడం పొరపాటు.

పెద్దవారికి రోజుకు 15 నుండి 30 మిల్లీగ్రాముల సెన్నోసైడులు చాలును. ఎండుటాకులో వాటి పాలు ఎప్పుడూ ఒక్కతీరుగా ఉండదు. కనుక గుప్పెడాకు కషాయం కంటె కొలత ముద్రించిన మాత్ర నయం. వారం దినాలు మించి వాడరాదు. అతిగా వాడితే శరీరంలోని పొటాషియం తరిగి కండరాలు నీరసిస్తాయి, గుండె లయ తప్పవచ్చు. గుండెజబ్బుకు డిజాక్సిన్, లేదా మూత్రం జారీ అయ్యే మందులు వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు వైద్యుని అడగనిదే ముట్టరాదు. పిల్లలకు సొంతంగా ఇవ్వరాదు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటున్నది. కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న మా విద్యార్థి ఒకనికి, మలబద్ధమే అనుకొని ఇంట్లోవారు ఈ కషాయమే త్రాగించబోయారు. పొరుగింటి పెద్దాయన వారించి ఆసుపత్రికి పంపించారు. అది ఇరవైనాలుగు గంటల నొప్పి, అనగా అపెండిసైటిస్. అట్టి స్థితిలో విరేచనకారి ఇస్తే ఉండుకం పగిలే ప్రమాదమున్నది. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు క్రిందికి దిగే నొప్పి, వాంతి, జ్వరం, కడుపుబ్బరం, మలంలో రక్తం: వీటిలో ఏది కనబడినా మందు మాని వైద్యుని చేరవలెను.

మిరపకోతలకు పోయే తల్లులు ఎండలో నీళ్ళు చాలినంత త్రాగరు. పరీక్షల వేళ మీరు కూర్చున్న చోటు కదలరు. మలబద్ధానికి మూలం తరచు అక్కడే ఉంటుంది. నీరు, ఆకుకూరలు, జొన్నరొట్టె, జామపండు, సాయంకాలపు నడక: ఇవి మొదటి మందులు. సునాముఖి ఎప్పుడో ఒకనాటి సహాయమే కాని, నిత్యభోజనం కాదు.