లారీ యెక్కడ నున్నది?

సరకును లారీ కెక్కించి, బిల్టీ చేత బుచ్చుకొని యింటికి వచ్చిన రైతునకు ఆ రాత్రి నిద్ర పట్టదు. మామిడికాయ తోటలో నున్నంతవరకు దానికి గాలియు, వానయు, పురుగును శత్రువులు. లారీ యెక్కిన పిమ్మట కాలమే శత్రువు. నూజివీడు ప్రాంతమునుండి ఢిల్లీలోని ఆజాద్‌పూర్ మండీకి సుమారు 1,800 కిలోమీటర్ల దూరము. నాగపూరు, ఝాన్సీ, ఆగ్రాల మీదుగా పోవలెను. వేసవి యెండలో టార్పాలిను క్రింద బంగినపల్లి కాయ ఒక్క దినము అధికముగా నిలిచినచో, దిగువేళకు కొంత పండి, కొంత మెత్తబడి యుండును. అప్పుడు వర్తకుడు చెప్పినదే ధర.

కొన్ని యేండ్ల క్రిందట మా సభ్యులు కొందరు కలిసి పంపిన లారీ యొకటి రెండు దినములు ఆలస్యముగా చేరినది. కిరాయి కుదిర్చినవారు దారిలో బండి చెడిన దనిరి. డ్రైవరు మాత్రము, బండి చెడలేదనియు, వేఱొకరి సరకు కూడ నెక్కించుటకై నాగపూరులో నిలిపి యుంచిరనియు తరువాత చెప్పెను. ఎవరి మాట నిజమో తేల్చు సాధనము మాకు లేకపోయెను. నష్టము రైతులదే యయ్యెను. నాటినుండి నేను లారీల యందు బిగించు దారి తెలుపు యంత్రమును గూర్చి విచారించుచు వచ్చితిని.

ఈ యంత్రము అరచేతిలో నిముడునంతటిది. దీనిని డ్రైవరు ముందరి పలకకు వెనుక బిగించి, బండి బ్యాటరీకి తగిలింతురు. ఉపగ్రహము మింటినుండి లారీని చూచుచుండునని మన పల్లెలలో పలువు రనుకొందురు. అది సరికాదు. ఉపగ్రహము లారీని చూడదు, దాని నెఱుగనే యెఱుగదు. అది వేళను తెలుపు సంకేతమును నిరంతరము పంపుచుండును. యంత్రము దానిని వినును. మెఱుపు మెఱసిన తరువాత ఉఱుము వినబడుటకు పట్టిన వ్యవధినిబట్టి మేఘ మెంత దూరములో నున్నదో మనము లెక్కించుకొనుట లేదా? ఆ విధముగనే నాలుగు ఉపగ్రహముల సంకేతములు వచ్చుటకు పట్టిన కాలమును లెక్కించి, యంత్రము తానున్న చోటును తెలిసికొనును. అమెరికా వారి జి.పి.ఎస్. ఉపగ్రహములు 20,000 కిలోమీటర్లకు పైనెత్తున తిరుగుచుండును. ఇదే పనికై మన దేశము వారు చేసిన నావిక్ ఉపగ్రహములలో మొదటిది 2013 జూలైలో మన శ్రీహరికోటనుండియే పోయినది.

తెలిసికొన్న చోటును సెల్‌ఫోను టవరు ద్వారా యజమాని కార్యాలయమునకు పంపుటకు యంత్రములో నొక సిమ్ము కార్డుండును. టవరులు లేని యడవి దారిలో యంత్రము మూగబోవును గాని మఱచిపోదు. లెక్కను దాచుకొని, టవరు దొరకగానే పంపివేయును. కావున గంటసేపు కబురు లేనంతమాత్రమున డ్రైవరును శంకింపరాదు.

పెద్ద లారీల యజమానులు దీనివలన ముందుగా డీజిలు లెక్కను చక్కబెట్టుకొనిరి. లారీ నడుపుటలో అన్నిటికన్న పెద్ద వ్యయము డీజిలే. ఇంజను ఊరక తిరుగుచు నిలిచిన సేపెంత, చుట్టుదారి పోయిన దెంత, ట్యాంకులో నూనె ఒక్కసారిగా తగ్గిన దెక్కడ (దీనికి ట్యాంకులో వేఱొక పరికరము కావలెను), ఇవి యన్నియు తెరమీద కనబడును. ఇంతకన్న మేలైన దొకటి కలదు. దిగుమతి యెప్పు డగునో ముందుగా తెలియుటచే తిరుగు కిరాయిని ముందే కుదుర్చుకొనవచ్చును. వట్టి బండి తిరిగి వచ్చు ఖర్చు చివరకు మన కిరాయిలోనే కలియుచున్నది గదా! ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టినది కాదు. 1988లోనే అమెరికాలో క్వాల్‌కామ్ అను సంస్థ ఉపగ్రహముల ద్వారా లారీలతో కబు రాడించు ఓమ్నిట్రాక్స్ అను ఏర్పాటును నెలకొల్పినది. అప్పు డది మిక్కిలి వెలగల వస్తువు. నేడు మన జిల్లాలలో ఒకటి రెండు లారీలు గలవారు కూడ ఇట్టి యంత్రములను బిగించుకొనుచున్నారు.

డ్రైవరుల పక్షమున నొక మాట చెప్పవలసి యున్నది. నేనొక కార్యాలయములో తెరయెదుట కూర్చుండి చూచితిని. బండి అరగంట నిలిచిన వెంటనే గుమాస్తా ఫోను చేసి, "ఏమోయ్, ఏల నిలిపితివి?" అని గద్దించుచుండెను. ఆవలి మనుష్యుడు అన్నము తినుచుండెను. 1961వ సంవత్సరపు మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు ఎనిమిది గంటలనియు, దూరపు దారులలో పది గంటల వరకనియు పనికి మితి పెట్టి యుండెను. బండి నిలిచిన కాలమును చూపు యంత్రము, మనిషి విశ్రాంతి లేక నడిపిన కాలమును కూడ చూపును. ఆ రెండవ లెక్కను చదువువారు తక్కువ. నిద్ర లేని డ్రైవరు చేతిలో మన సరకు క్షేమమని నే ననుకొనను.

ఇక మన సంగతి. లారీకి యంత్రము కలదని చెప్పినంతనే మనకు లాభము లేదు. దాని లెక్క యజమాని యొద్ద నుండును, మన యొద్ద నుండదు. కిరాయి మాట్లాడునపుడే, ఆ ప్రయాణ మున్నంతవరకు బండి జాడను మన కార్యదర్శి తన ఫోనులో చూచుకొనునట్లు లంకె పంపవలెనని వ్రాయించుకొనవలెను. ఇట్లు పంపు వీలు పలు యంత్రములకు కలదు. ప్రయాణము ముగిసిన పిమ్మట నిలిచిన చోట్ల పట్టికను బిల్టీతో జతపరుపుమని కోరవలెను. జాడ ముందుగా తెలిసినచో చేయదగిన పనియు కలదు. నాగపూరు చేరకముందే ఒక దినము వెనుకబడిన దని తెలిసినయెడల, ఢిల్లీ ధరపై ఆశ విడిచి నాగపూరు కలమ్నా మార్కెట్టులో దింపుదమా యని ఆలోచించు వ్యవధి యుండును. ఢిల్లీలో మెత్తబడిన కాయను చూచిన తరువాత ఆలోచించుటకేమియు నుండదు.

యంత్రము లేని లారీ యైనచో టోలుగేటు రసీదులే ఆధారము. 2021 ఫిబ్రవరినుండి జాతీయ రహదారుల గేట్లయొద్ద ఫాస్టాగ్ తప్పనిసరి యయినది. పైకము తెగినపు డెల్ల గేటు పేరుతోను, వేళతోను యజమాని ఫోనునకు సందేశము వచ్చును. ఆ సందేశములు చూపుమని యడుగుటకు మనకు సంకోచ మేల?

ఒక్కటి మఱవరాదు. ఈ యంత్రము బండి యున్న చోటును తెలుపును గాని, ఏల నిలిచెనో తెలుపదు. కాయ వేడెక్కిన దేమో తెలుపదు. చల్లని పెట్టె గల లారీలో పంపువారు వేడిమిని వ్రాయు పరికరమును వేఱుగా నడుగవలెను. మామిడికి సుమారు 13 డిగ్రీలకు మిక్కిలి తగ్గినను కాయ చెడును గావున, మితిమీరిన చల్లదనము కూడ నష్టమే.

మామిడి కోతలకు ముందు జరుగు మన సంఘ సమావేశమునకు, గడచిన రెండు మూడేండ్ల బిల్టీలు దాచుకొన్న సభ్యులు వానిని తెచ్చిన మేలు. ఎక్కించిన తేదీలను, చేరిన తేదీలను సరిచూచి, కిరాయి పత్రములో ఎన్ని దినముల గడువు వ్రాయించుట న్యాయమో నిర్ణయింపవచ్చును.