సమ్మేళనంలో పాళ్ళు మారతాయా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు అడిగినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. కానీ అవి నాకంటే బాగా రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను ప్రస్తుతం ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేనే. అందుకని నాకు తెలిసిన కెమిస్ట్రీలోంచే ఒక పాత వాదన గురించి చెబుతాను.

స్థిరానుపాత నియమం మీరు చదివే ఉంటారు. ఒక సమ్మేళనం ఎక్కడ దొరికినా, ఎలా తయారుచేసినా, అందులోని మూలకాల భారాల నిష్పత్తి ఒకటే ఉంటుంది. 9 గ్రాముల స్వచ్ఛమైన నీటిలో సుమారు 1 గ్రాము హైడ్రోజన్, 8 గ్రాముల ఆక్సిజన్ ఉంటాయి. బోరు నీటిని శుద్ధి చేసినా, వాన నీటిని శుద్ధి చేసినా అంతే.

ఇంటర్లో ఈ పాఠం జరుగుతున్నప్పుడు నేను లేచి, "ఎందుకు మారకూడదు సార్? అప్పట్లో ఎవరూ కాదనలేదా?" అని అడిగాను. క్లాసంతా నవ్వింది. "రెండు మార్కుల ప్రశ్నకు అంత ఆలోచన దేనికి, కూర్చో" అన్నారు. కూర్చున్నాను. ఆ తర్వాత రెండేళ్ళు ఆ క్లాసులో నేను ఏమీ అడగలేదు. కాదన్న మనిషి ఒకరున్నారని, ఆయన చిన్నవాడు కాదని డిగ్రీలోగానీ తెలియలేదు.

ఇద్దరు ఫ్రెంచివాళ్ళు

ఆయన పేరు క్లాడ్ లూయీ బెర్తొలే (1748–1822). 1798లో నెపోలియన్ ఈజిప్టు దండయాత్రకు వెళ్ళినప్పుడు వెంట తీసుకెళ్ళిన శాస్త్రవేత్తల్లో ఈయన ఒకరు. అక్కడ ఉప్పునీటి సరస్సుల ఒడ్డున సోడా పేరుకుని ఉండటం చూశాడు. సున్నపురాయి మీద ఉప్పు పనిచేయడం వల్ల అది వచ్చిందని గ్రహించాడు. ప్రయోగశాలలో జరిగేది దీనికి తలకిందులు. అక్కడ సోడా, కాల్షియం క్లోరైడ్ కలిపితే సున్నపురాయి పదార్థం, ఉప్పు వస్తాయి. మరి ఈజిప్టులో చర్య ఎందుకు ఎదురు తిరిగింది? అక్కడ ఉప్పు రాశి చాలా ఎక్కువ కాబట్టి అన్నాడు బెర్తొలే. అంటే చర్య ఎటు నడవాలో పదార్థాల స్వభావమే కాదు, వాటి పరిమాణం కూడా నిర్ణయిస్తుంది. ఇది సరైన మాటే. అయితే ఆయన ఇంకో అడుగు ముందుకేశాడు. పరిమాణం మారితే సమ్మేళనంలోని పాళ్ళు కూడా మారవచ్చు అన్నాడు. 1803లో వచ్చిన తన గ్రంథంలో దీన్ని వివరంగా వాదించాడు.

ఎదుటి పక్షం జోసెఫ్ లూయీ ప్రౌస్ట్ (1754–1826). ఆయన తండ్రి మందులు తయారుచేసి అమ్మేవాడు. ప్రౌస్ట్ ఫ్రాన్స్‌లో పుట్టి, స్పెయిన్ వెళ్ళి సెగోవియాలో, మాడ్రిడ్‌లో పనిచేశాడు. గనిలో దొరికే పచ్చని రాగి కార్బనేటును, తన ప్రయోగశాలలో తయారైన రాగి కార్బనేటును తూచి విశ్లేషించి, రెంటిలోనూ పాళ్ళు ఒకటేనని 1799లో ప్రకటించాడు. నేటి లెక్క ప్రకారం ఆ పచ్చరాయి, అంటే మాలకైట్, స్వచ్ఛంగా ఉంటే 57.5 శాతం రాగి. భూమి లోపల ఎన్నో ఏళ్ళపాటు తయారైనదానికీ, గాజు పాత్రలో ఒక పూటలో తయారైనదానికీ తేడా లేదన్నమాట.

పప్పుచారు, మెట్లు

వాదన చాలా ఏళ్ళు సాగింది. బెర్తొలే చూపిన ఉదాహరణల్లో గాజు, లోహ మిశ్రమాలు, ద్రావణాలు ఉన్నాయి. వీటిలో పాళ్ళు మారతాయి, నిజమే. మన హాస్టల్ పప్పుచారు గుర్తు తెచ్చుకోండి. యాభై మందికి వండినరోజు డెబ్భై మంది వస్తే ఇంకో బిందెడు నీళ్ళు పడేవి. అయినా అది పప్పుచారే! అయితే అది మిశ్రమం. మిశ్రమం వేరు, సమ్మేళనం వేరు అని మనం ఇప్పుడు సులువుగా రాస్తాం. ఆ రోజుల్లో ఆ గీత అంత స్పష్టంగా లేదు. ఆ గీతను స్పష్టం చేసింది ఈ వాదనే.

లోహాన్ని వేడిచేస్తే అది ఆక్సిజన్‌ను కొంచెం కొంచెంగా, ఏ పాళ్ళలోనైనా తీసుకుంటుందని బెర్తొలే అన్నాడు. అది వాలు మీద నడవడం లాంటిది. కాదు, మెట్లున్నాయి అన్నాడు ప్రౌస్ట్. తగరానికి రెండు ఆక్సైడ్లున్నాయి. మధ్యలో కనిపించేది మూడో పదార్థం కాదు, ఆ రెంటి మిశ్రమమే. ఇంకా, ఆక్సైడ్లుగా లెక్కపెట్టిన కొన్నిటిలో నీరు కలిసి ఉందని, అందుకే తూకం తేడా వచ్చిందని కూడా చూపాడు.

ఇక్కడ ఒక చిత్రం గమనించండి. మొదటి తగరం ఆక్సైడులో ఆక్సిజన్ 11.9 శాతం, రెండోదాంట్లో 21.2 శాతం. ఈ అంకెల్లో ప్రత్యేకత ఏమీ కనబడదు. అదే లెక్కను 100 గ్రాముల తగరానికి ఎంత ఆక్సిజన్ అని రాయండి. 13.5 గ్రాములు, 27 గ్రాములు. సరిగ్గా రెట్టింపు! ప్రౌస్ట్ తన ఫలితాలను శాతాల్లోనే రాశాడు కాబట్టి ఈ రెట్టింపు సంగతి ఆయనకు దొరకలేదు. దాన్ని పట్టుకున్నది ఇంగ్లండుకు చెందిన జాన్ డాల్టన్, ఒక నేతపనివాని కొడుకు. పరమాణువులు విడివిడి గింజల్లాంటివైతే ఒకటికి ఒకటి, ఒకటికి రెండు అని కలుస్తాయే తప్ప ఒకటికి ఒకటింబావు కలవవు. 1808లో డాల్టన్ పుస్తకం వచ్చేనాటికి ఎక్కువమంది రసాయన శాస్త్రవేత్తలు ప్రౌస్ట్ వైపే ఉన్నారు.

బెర్తొలే అప్పటికి నెపోలియన్ సభలో సెనేటరు. ప్రౌస్ట్ పరాయి దేశంలో ఉద్యోగం చేసి వచ్చినవాడు. అయినా త్రాసు హోదా చూడలేదు. నాకు ఈ కథలో బాగా నచ్చింది ఇదే.

కథ అక్కడితో అయిపోలేదు

ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో ఘనపదార్థాల పాఠంలో వుస్టైట్ అనే ఇనుప ఆక్సైడు వచ్చింది. సూత్రం ప్రకారం 100 ఆక్సిజన్లకు 100 ఇనుములు ఉండాలి. కానీ మామూలుగా దొరికేదాంట్లో 95 దాకానే ఉంటాయి. తయారుచేసే పరిస్థితినిబట్టి ఇంకా తగ్గవచ్చు. అయినా అది మిశ్రమం కాదు, ఒకే స్ఫటికం.

ఇదెలా సాధ్యం? మన నీళ్ళ డ్యూటీతో చెబుతాను. వందమంది పిల్లలు తలా 2 బకెట్లు మోస్తే 200 బకెట్లు. ఐదుగురు రాలేదు. 10 బకెట్లు తక్కువ పడ్డాయి. అప్పుడు మిగిలినవారిలో పదిమంది తలా 3 మోశారు, 85 మంది తలా 2 మోశారు. 30, 170 కలిపితే మళ్ళీ 200. వుస్టైట్‌లోనూ అంతే. ఐదు ఇనుము అయాన్ల చోట్లు ఖాళీగా ఉంటే, పది అయాన్లు 2కు బదులు 3 ధనావేశాలు మోస్తాయి. మొత్తం ఆవేశం సరిపోతుంది, స్ఫటికం నిలబడుతుంది.

ఇలా పాళ్ళు మారే సమ్మేళనాలకు రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ కుర్నకోవ్ 20వ శతాబ్దం మొదట్లో "బెర్తొలైడ్లు" అని పేరుపెట్టాడు. పాళ్ళు మారనివాటికి "డాల్టనైడ్లు" అన్నాడు. 1987లో ప్రపంచమంతా మాట్లాడుకున్న యిట్రియం, బేరియం, రాగి ఆక్సైడు అతివాహకంలో కూడా ఆక్సిజన్ పాలు మారుతుంది. అది ఎంత ఉందన్నదాన్నిబట్టే అది అతివాహకమా కాదా అనేది తేలుతుంది. బెర్తొలే చూపిన ఉదాహరణలు చాలావరకు తప్పే. కానీ ఆయన అడిగిన ప్రశ్న మాత్రం తప్పు కాదు. పరిమాణం గురించి ఆయన చెప్పిన మాట 1864లో గుల్డ్‌బర్గ్, వాగే అనే నార్వే శాస్త్రవేత్తల చేతుల్లో ద్రవ్యరాశి క్రియా నియమంగా నిలబడింది.

తమ్ముళ్ళారా, స్థిరానుపాత నియమం తప్పని నేను చెప్పడం లేదు. నీరు, ఉప్పు, చక్కెర, మీరు రోజూ చూసేవాటిలో చాలావాటికి అది వర్తిస్తుంది. పరీక్షలో నియమం ఉన్నదున్నట్టు రాసి రెండు మార్కులూ తెచ్చుకోండి. కానీ "ఎందుకు మారకూడదు?" అని మీలో ఎవరికైనా అనిపిస్తే నాలాగా రెండేళ్ళు నోరు మూసుకోవద్దు. క్లాసులో నవ్వితే స్టడీ అవర్లో అన్నలను అడగండి. సెలవులకు వచ్చినప్పుడు నన్ను అడగండి. నాకు తెలియకపోతే ఇద్దరం కలిసి వెతుకుదాం.