అమ్రికానీ ఆస్పత్రి పొరుగున మన ఆరాధన

కువైట్ సిటీలో గల్ఫ్ రోడ్డుకు ఆనుకుని ఉన్న నేషనల్ ఇవాంజెలికల్ చర్చి గురించి తెలియని తెలుగు క్రైస్తవులు ఈ దేశంలో అరుదు. కడప, రాజంపేట, నెల్లూరు, కోనసీమ నుంచి వచ్చిన డ్రైవర్లు, నర్సులు, ఇంటిపని అక్కలు శుక్రవారం కలుసుకునే చోటు ఇది. ఊళ్లో ఉన్నప్పుడు ఒకరి మందిరం గడప ఒకరు తొక్కని లూథరన్లు, బాప్టిస్టులు, పెంతెకొస్తువారు ఇక్కడ ఒకే గేటులోంచి లోపలికి వస్తారు.

ఈ ప్రాంగణం పుట్టింది వైద్యంతో. కువైట్ పాలకుడు షేక్ ముబారక్ పిలుపు మేరకు అమెరికన్ మిషన్ డాక్టర్లు కువైట్ వచ్చారు. 1914లో మగవాళ్లకు, 1919లో ఆడవాళ్లకు ఆస్పత్రులు వెలిశాయి. ఇక్కడి తొలి మహిళా వైద్యురాలు ఎలినార్ కాల్వర్లీ. 1920లో జహ్రా యుద్ధంలో గాయపడినవారికి డాక్టర్ స్టాన్లీ మైల్రీ బృందం చికిత్స చేసింది. చర్చి భవనం 1931లో లేచింది. మిషన్ మాట విని మతం మారినవాళ్లు బహుకొద్దిమంది. అయినా 1967లో మూతపడిన ఆ ఆస్పత్రిని కువైటీలు ఇప్పటికీ ‘అమ్రికానీ’ అని ఆప్యాయంగా తలుస్తారు. ఆ భవనం నేడు సాంస్కృతిక కేంద్రం.

1999లో ఈ చర్చికి కువైట్ పౌరుడే పాస్టరయ్యారు. ఆయన రెవరెండ్ ఇమ్మానుయేల్ గరీబ్. అరబిక్, ఇంగ్లీషు, మలయాళం, తగాలోగ్, తెలుగు... పదుల సంఖ్యలో సంఘాలు ఇక్కడ వంతులవారీగా హాళ్లు పంచుకుంటాయి. మన ఆరాధనలో ఆఖరి కీర్తన అయ్యేసరికి తలుపు దగ్గర మరో భాషవాళ్లు గిటార్లతో నిలబడి ఉంటారు. డోలక్ సర్దుకుని, “వందనాలు అక్కా, వందనాలు అన్నా” అంటూనే చోటివ్వాలి. పక్క సంఘం సమయాన్ని మన సమయంలా గౌరవించడం ఇక్కడ అందరికీ అబ్బిన అలవాటు.

ముస్లింల మధ్య మతప్రచారం ఈ దేశంలో నిషిద్ధం. కాబట్టి వారమంతా మనవాళ్ల సాక్ష్యం పనిలోనే కనబడాలి. రంజాన్ నెలలో సంబూసాలు వేయించి, హరీస్ దింపి, ఖర్జూరాలు పళ్లెంలో సర్ది, ఇంటివాళ్లతో పాటు తామూ అజాన్ వినేదాకా మంచినీళ్లు ముట్టని అక్కలున్నారు. ఎవరూ చెప్పి చేయించింది కాదది. అలాంటి అక్కను నమ్మి పసిపిల్లల్నీ, బీరువా తాళాలనూ అప్పగించే ఇళ్లున్నాయి. జీతం నెలల తరబడి బిగబట్టే ఇళ్లూ ఉన్నాయి.

అందుకే నోరు మూసుకుని భరించడమే విశ్వాసమని మన సంఘాలు బోధించకూడదు. 2015 నాటి ఇంటిపనివారి చట్టం రోజుకు 12 గంటలకు మించి పని వద్దంటుంది, వారానికి ఒకరోజు సెలవు ఇమ్మంటుంది. ఈ సంగతి ప్రసంగ వేదిక మీద నుంచే చెప్పాలి. ఆ సెలవు దక్కక శుక్రవారం రాలేకపోయిన అక్కకు సంఘంలో ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. జబ్బుపడితే ఆస్పత్రికి వెళ్లి చూడాలి. జీతం ఆగితే ఫిర్యాదు చేయడానికి తోడు వెళ్లాలి. ఈ ప్రాంగణాన్ని కట్టినవాళ్లు రోగి ఏ మతస్థుడని అడగకుండా వైద్యం చేశారు. తోటి కార్మికుల విషయంలో మనమూ అంతే చేయాలి, ఏ సంఘంవాళ్లని అడక్కుండా.