నాలుగు మినార్లు, ఏడున్నర గంటలు

చైనా పాత రాజధానుల్లో షియాన్ ఒకటి. ఆ ఊరి నడిబొడ్డున, నాలుగు దిక్కులకూ పోయే రోడ్ల కూడలిలో ఒక గంటల బురుజు ఉంది. 1384లో దాన్ని వేరేచోట కట్టారు, 1582లో ఇప్పుడున్న చోటికి తరలించారు. మరో 9 ఏళ్లకు, 1591లో, మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీకి దక్షిణాన కొత్త నగరానికి పునాది వేస్తూ నాలుగు బాటలు కలిసే చోటే చార్మినార్ కట్టించాడు. ఒకరిని చూసి ఇంకొకరు కట్టిందేమీ కాదు. ఊరికి నడుమ ఒక గుర్తు నిలబెట్టి, అక్కడి నుంచి బాటలు తీయడం ఆ కాలపు పాలకులకు తెలిసిన విద్యే.

అయితే స్నేహితులతో ఒక్క రోజు చూడ్డానికి వెళ్లినవాళ్లకు రెండు ఊళ్లూ ఒకటి కావు. షియాన్ చుట్టూ 13.7 కిలోమీటర్ల కోటగోడ ఇప్పటికీ ఉంది. సైకిళ్లు అద్దెకు తీసుకుని గోడ మీదే ఊరంతా చుట్టి రావచ్చు. హైదరాబాద్‌కూ గోడ ఉండేది. 18వ శతాబ్దంలో సుబేదార్ ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టగా మొదటి నిజాం పూర్తి చేయించాడు. చుట్టుకొలత దాదాపు 6 మైళ్లు, అంటే పది కిలోమీటర్లకు కాస్త తక్కువ. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద, ఆ తర్వాత ఊరు పెరిగిన తీరు కలిసి దాన్ని మింగేశాయి. దర్వాజాల్లో పురానాపూల్, దబీర్‌పురా మిగిలాయి. కాబట్టి పాతబస్తీ చూడబోయేవాళ్లు తమ హద్దు తామే గీసుకోవాలి. చార్మినార్ నడుమ పెట్టుకుని కిలోమీటరున్నర దూరంతో ఒక వలయం గీస్తే ఒక రోజుకు సరిపడా, నిజానికి ఒక రోజుకు మించే సరుకు అందులో ఉంటుంది.

దూరాలు అంత చిన్నవి. చార్మినార్ కింద నిలబడి చూస్తే మక్కా మసీదు కనిపిస్తూనే ఉంటుంది. చౌమహల్లా ప్యాలెస్ ముప్పాతిక కిలోమీటరు లోపే. సాలార్‌జంగ్ మ్యూజియం మూసీ ఒడ్డున, కిలోమీటరున్నర దూరంలో ఉంది. ఇబ్బందంతా తాళాలతోనే. చార్మినార్ ఉదయం 9.30 నుంచి సాయంత్రం 5.30 వరకు, మ్యూజియం, చౌమహల్లా 10 నుంచి 5 వరకు తెరిచి ఉంటాయి. శుక్రవారం ఈ రెండూ మూత. పైగా ఆ మధ్యాహ్నం మక్కా మసీదు నమాజుకు వచ్చేవాళ్లతో కిక్కిరిసి ఉంటుంది. శుక్రవారం సెలవు పెట్టి బయల్దేరే బృందం సగం తలుపుల ముందు ఫొటోలు దిగి రావాల్సిందే.

మిగతా రోజుల లెక్క చూద్దాం. 10 నుంచి 5.30 దాకా ఏడున్నర గంటలు. సాలార్‌జంగ్‌లో 38 గ్యాలరీలు. ఒక్కోదానికి 5 నిమిషాలే ఇచ్చినా 3 గంటల 10 నిమిషాలు. చౌమహల్లాకు గంటన్నర, క్యూతో కలిపి చార్మినార్‌కు గంట, మసీదుకు అరగంట. మొత్తం 6 గంటల 10 నిమిషాలు. ఆ జనంలో నడకకు తక్కువలో తక్కువ 40 నిమిషాలు తీసేస్తే బిర్యానీకి, చాయ్‌కి, అలిగిన స్నేహితుణ్ని బుజ్జగించడానికి కలిపి మిగిలేది 40 నిమిషాలు. కాగితం మీద కుదిరింది గానీ కాళ్లకు కుదరదు.

నన్నడిగితే మొదటిసారి వెళ్లేవాళ్లు మ్యూజియాన్ని మరో రోజుకు వాయిదా వేసుకోవాలి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పోగుచేసినవాటితో 1951లో మొదలైన ఆ మ్యూజియంలో వేల వస్తువులున్నాయి. చైనా పింగాణీ, జేడ్ పనితనం కూడా చూడాలనుకుంటే 5 నిమిషాల లెక్క అక్కడే తప్పుతుంది. తప్పనిసరిగా చూస్తామంటే మధ్యాహ్నం 12కు ముందే గంట కొట్టే గడియారం దగ్గరికి చేరండి. లోపలి నుంచి చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. ప్రతి గంటకూ వస్తుంది కానీ 12 దెబ్బలు వినాలంటే అదే సమయం.

మ్యూజియం తీసేస్తే మూడు గంటలు చేతికొస్తాయి. వాటిని చార్మినార్ చుట్టూ ఖర్చుపెట్టడమే లాభం. 149 మెట్లున్నాయని చదివి భయపడనక్కర్లేదు, అవి పై అంతస్తు దాకా లెక్క. సందర్శకులను మొదటి అంతస్తు వరకే పంపుతారు. మెట్లు ఇరుకు, మలుపు తిరిగేవి, ఎదురొచ్చేవాళ్లకు దారివ్వాలి. ఎత్తు సంగతికొస్తే 160 అడుగులన్న లెక్కా, 56 మీటర్లన్న లెక్కా రెండూ చలామణిలో ఉన్నాయి. రెంటికీ తేడా ఇరవై అడుగుల పైమాటే. నాలుగు వైపులా గడియారాలు 1889లో పెట్టారు. అంటే దాదాపు 300 ఏళ్లు చార్మినార్ గడియారం లేకుండానే ఉంది.

ప్లేగు తగ్గినందుకు కులీ కుతుబ్ షా చార్మినార్‌ను కట్టించాడన్న కథ గైడ్లు తప్పకుండా చెబుతారు. దాని పక్కన ఇంకో లెక్క పెట్టుకోండి: హిజ్రీ 1000వ సంవత్సరం మొదలైంది 1591 అక్టోబరులోనే. కొత్త వెయ్యేళ్లకు గుర్తుగా కొత్త నగరమన్న వాదనకు ఆ తేదీయే బలం. నాకు ఇదే నమ్మదగ్గదిగా తోస్తుంది.

మక్కా మసీదుకు ఇంకా గట్టి లెక్క ఉంది. ఎక్కువ పుస్తకాల ప్రకారం 1617లో మొదలై 1694లో పూర్తయింది. 77 ఏళ్లు. గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది 1687లో. అంటే 70 ఏళ్లు కుతుబ్‌షాహీలు కడుతూ పోతే, వాళ్లను ఓడించినవాడు మిగతా 7 ఏళ్లలో ముగించాడు. లోపల 10,000 మంది నమాజు చేసుకోవచ్చు. అసఫ్‌జాహీల, అంటే నిజాంల, సమాధులూ అదే ఆవరణలో ఉన్నాయి.

అక్కడి నుంచి చౌమహల్లాకు నడిస్తే తర్వాతి వంశం ఇల్లు చూసినట్టే. 45 ఎకరాల్లో కొంత కొంత కరిగి ఇప్పుడు 12 ఎకరాలే మిగిలింది. దర్బారు హాలులో 19 షాండ్లియర్లు వేలాడుతుంటాయి. సాయంత్రం 5కే మూస్తారు కనుక చార్మినార్ కంటే ముందే ఇది చూసెయ్యడం తెలివైన పని.

తాళాలు పడ్డాక లాడ్ బజార్. చార్మినార్‌కు పడమటి వైపు ఆ వీధిలో అమ్మే లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇక్కడ టైం టేబుల్ పనికిరాదు, బేరం తెగినప్పుడే కదలడం. తిరుగు ప్రయాణానికి దగ్గరి మెట్రో ఎంజీబీఎస్, సుమారు 2 కిలోమీటర్లు. పాతబస్తీలోకి మెట్రో వచ్చేదాకా అక్కడిదాకా నడవాలి, లేదా ఆటో ఎక్కాలి. ఆటోలో చట్టప్రకారం ముగ్గురికే చోటు. నలుగురు వెళ్తే రెండు ఆటోల డబ్బులు ముందే పక్కన పెట్టుకోండి.