జ్వరం శత్రువా, కాపలాదారు కేకా?

గౌతమీ గోదావరి గట్టున వెలసిన కపిలేశ్వరపురం వంటి గ్రామాలవారికి వరద కాపలా అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. శ్రావణ భాద్రపదాలలో నది పొంగినపుడు గట్టు వెంట మనుషులు తిరుగుతూ ఉంటారు. ఎక్కడైనా నీరు ఊరుతున్నట్లు కనిపిస్తే వెంటనే కేక వేస్తారు. ఆ కేక విని కొందరు ఇసుక బస్తాలతో పరుగెత్తుతారు. పల్లపు ఇండ్లవారు సామాను మిట్టకు చేర్చుకుంటారు. గండి పడిన తరువాత పడే శ్రమకంటె ఊట కనిపించిన క్షణంలో వేసిన కేక విలువైనది. వైరసు ప్రవేశించినపుడు మన శరీరంలోని కణాలు చేసే పని కూడా ఇటువంటిదే.

మన జిల్లాలకు పరిచితమైన చికున్‌గున్యానే ఉదాహరణగా తీసుకుందాము. 1952లో తూర్పు ఆఫ్రికాలోని టాంగన్యికాలో ఈ వ్యాధిని మొదట గుర్తించారు. అక్కడి మకొండే భాషలో ఆ పేరుకు వంగిపోయేటట్లు చేసేది అని అర్థం. కోడిమాంసంతో దానికి ఏ సంబంధమూ లేదు. 1960ల మధ్యలో విశాఖపట్నం, రాజమండ్రి, కాకినాడ పట్టణాలలో ఇది వ్యాపించింది. తరువాత దశాబ్దాలపాటు దాదాపు మరుగునపడి, 2005 చివర ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ తలయెత్తింది. 2006లో దేశమంతటా 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదైనాయి.

కణం పరాయిదానిని ఎట్లా పోలుస్తుంది?

పగటిపూట కుట్టే ఏడిస్ దోమ ద్వారా ఈ వైరసు చర్మంలోనికి చేరి, అక్కడి కణాలలో ప్రవేశిస్తుంది. వైరసుకు స్వంతంగా వంటిల్లు లేదు. మన కణంలోని సామగ్రితోనే తన సంతతిని వృద్ధి చేసుకోవాలి. దాని వంశలిపి ఆర్.ఎన్.ఏ. అనే పదార్థంతో అల్లిన ఒంటి పోగు. ఆ పోగుకు నకలు తీసేటపుడు మూలమూ నకలూ పెనవేసుకొని పొడవైన జంట పోగు ఏర్పడుతుంది.

గుట్టు ఇక్కడే బయటపడుతుంది. మన కణాలలోనూ ఆర్.ఎన్.ఏ. ఉన్నది. కాని అది సాధారణంగా ఒంటి పోగుగానే సంచరిస్తుంది. పైగా దాని కొసకు టోపీ వంటి గుర్తు ఉంటుంది. కణద్రవ్యంలో రిగ్-ఐ, ఎం.డి.ఏ.5 అనే రెండు మాంసకృత్తులు కాపలా తిరుగుతూ ఉంటాయి. టోపీ లేని కొసను, జంట పోగును అవి పట్టుకుంటాయి. పట్టుకున్న వెంటనే, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాల పైపొర మీద ఉన్న మావ్స్ అనే మరొక మాంసకృత్తిని తట్టిలేపుతాయి. అక్కడినుండి వార్త కేంద్రకానికి చేరుతుంది. కొద్ది గంటలలోనే ఇంటర్‌ఫెరాన్ తయారై కణం వెలుపలికి వస్తుంది.

పొరుగువారికి చాటింపు

ఇంటర్‌ఫెరాన్‌ను 1957లో లండన్‌లో అలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మాన్ కనుగొన్నారు. వైరసుకు అడ్డుపడేది గనుక ఆ పేరు పెట్టారు. ఇది తానుగా వైరసును చంపదు. ఊరిలో టముకు వేసినట్లు ఇరుగుపొరుగు కణాలను హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికతో వాటిలో వందలాది జన్యువులు మేల్కొంటాయి. వైరసు వచ్చి చేరితే, ఒక ఎంజైము దాని పోగులను తునకలు చేస్తుంది. మరొకటి కణంలో మాంసకృత్తుల తయారీనే నిలిపివేస్తుంది. అనగా దొంగకు అన్నం దొరకకుండా పొయ్యి ఆర్పివేయడమే. రక్తంలోని రక్షక కణాలు కూడా అక్కడికి చేరుకుంటాయి. వైరసుకు సరిపోయిన ప్రతిరక్షకాలు తయారుకావడానికి సుమారు వారం పడుతుంది. అంతవరకు ఊరిని కాచేది ఈ తొలి చాటింపే.

దీని విలువ ఎంతటిదో ఎలుకల మీద జరిగిన ప్రయోగాలు తెలిపినవి. మామూలు పెద్ద ఎలుకలు చికున్‌గున్యా వైరసును తట్టుకున్నాయి. ఇంటర్‌ఫెరాన్ పిలుపును అందుకోలేని ఎలుకలకు అదే వైరసు ప్రాణాంతకమైనది.

మరి జ్వరమెందుకు?

ఇంటర్‌ఫెరానూ, దానితోపాటు వెలువడే ఇతర సంకేత పదార్థాలూ మెదడుకు చేరి ఒంటి వేడిని పెంచుతాయి. ఒళ్ళునొప్పులు, నీరసం, అరుచి చాలవరకు వీటి మూలంగా కలిగేవే. మనం వ్యాధి అనుకునే దానిలో పెద్ద భాగం కాపలాదారు కేక. ఒక్కొక్కప్పుడు వైరసు సద్దుమణిగిన తరువాత కూడా కేక ఆగదు; కీళ్ళనొప్పులు నెలల తరబడి వేధిస్తాయి. కాబట్టి ఆ కేక ఎంత అవసరమో, హద్దులో ఉండడమూ అంతే అవసరం.

జ్వరం వచ్చిన మొదటిరోజే ఒక్క సూదితో తగ్గించమని పట్టుబట్టేవారు ఈ సంగతి గమనించాలి. అటువంటి కొన్ని సూదిమందులలో స్టెరాయిడ్లు ఉంటాయి. అవి కేకను అణచివేస్తాయి, దొంగను కాదు. రోగికి హాయిగా తోచుతుంది. లోపల వైరసుకు దారి సులభమవుతుంది. ఏ మందు ఇస్తున్నారో అడిగి తెలుసుకొనుట మన బాధ్యత.

ఇంట పాటించవలసినవి

వ్యాధిక్షమత్వం అనే మాటను చక్రపాణిదత్తుడు వివరిస్తూ, వ్యాధి బలాన్ని ఎదిరించడం, వ్యాధి పుట్టకుండా అడ్డుపడడం అని రెండు లక్షణాలు చెప్పినాడు. ఆనాటికి వైరసులు ఎవరి కంటా పడలేదు. అయినను జ్వరారంభంలో లఘువైన ఆహారం, విశ్రాంతి అవసరమన్న ఆయుర్వేద నియమం నేటికీ ఆచరణీయమే. పేలాల గంజి, పెసరకట్టు, కొబ్బరినీళ్ళు తరచుగా ఇవ్వవచ్చు. తుంగముస్తలు, పర్పాటకం, వట్టివేళ్ళు, మంచిగంధం, కురువేరు, శొంఠి వేసి కాచిన షడంగ పానీయం దప్పిక తీర్చడానికి చెప్పబడినది. ఇవి వైరసును చంపవు; శరీరం తన పని తాను చేసుకొనుటకు తోడ్పడతాయి. పసిపిల్లలను, గర్భిణులను, వృద్ధులను పస్తు ఉంచరాదు. మూత్రపిండాల వ్యాధి, మధుమేహం ఉన్నవారు వైద్యుని అడిగి తీసుకోవాలి.

బాధ ఎక్కువైనపుడు వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ వాడవచ్చు. డెంగీ కాదని తేలేవరకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటివి ముట్టరాదు. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి గాని ముక్కు నుండి గాని రక్తం, నల్లని విరేచనం, మగత, చేతులు కాళ్ళు చల్లబడడం, మూత్రం తగ్గిపోవడం కనిపిస్తే కషాయాలతో కాలయాపన చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. డెంగీలో జ్వరం దిగిన తరువాతనే ప్రమాదం ముంచుకొస్తుందని మరువరాదు.

చివరగా ఒక మాట. కణాలకు కేక వేసే అవసరమే రాకుండా చేయడం మన చేతిలో ఉన్నది. పెరటిలో పారవేసిన కొబ్బరి చిప్పలలో, వాడని రోళ్ళలో, పూలకుండీల పళ్ళెాలలో నిలిచిన వాన నీటిలోనే ఏడిస్ దోమ గుడ్లు పెడుతుంది. వారానికొకసారి వాటిని బోర్లించండి. గట్టును ముందుగా కాచుకొన్నవారికి గండి భయం తక్కువ.