ఛాతీలో దారి మార్చిన ధమని: సగం ఓపెన్, సగం స్టెంట్ ఆపరేషన్ ఎందుకు?

దగ్గు అనో, చిన్న యాక్సిడెంట్ అనో ఛాతీకి సీటీ స్కాన్ తీయిస్తారు. రిపోర్టులో ఒక మూల చిన్న లైన్ కనిపిస్తుంది: అబెరెంట్ రైట్ సబ్‌క్లేవియన్ ఆర్టరీ. అదేంటో అని ఫోన్‌లో వెతికితే పది నిమిషాల్లో నిద్ర ఎగిరిపోతుంది. ఈ రోజు ఆ లైన్‌కి అర్థం ఏంటో, దానికి ఆపరేషన్ ఎప్పుడు అవసరమో, ఆ ఆపరేషన్‌ని సగం మెడ దగ్గర కోసి, సగం గజ్జల్లోంచి స్టెంట్ పంపి ఎందుకు చేస్తారో చూద్దాం. నేను డాక్టర్ని కాదు. బీటెక్ చదివి, కొన్నేళ్లు కోడ్ రాసి ఇటొచ్చినవాణ్ని. కాబట్టి దీన్ని వైద్య సలహాగా తీసుకోవద్దు. డాక్టర్ మాట్లాడేటప్పుడు అర్థం చేసుకోవడానికి ఒక మ్యాప్ అనుకోండి.

ముందు మామూలుగా ఎలా ఉంటుందో చూద్దాం. గుండె నుంచి బయల్దేరే అతి పెద్ద రక్తనాళం అయోర్టా, తెలుగులో బృహద్ధమని. అది పైకి వెళ్లి, చేతికర్ర పిడిలా వంగి, వెన్నెముక పక్కనుంచి కిందికి దిగుతుంది. ఆ వంపు మీద మూడు కొమ్మలుంటాయి. మొదటి కొమ్మ కొంచెం పైకెళ్లి రెండుగా చీలి, కుడి చేతికి, తల కుడి వైపుకి రక్తం ఇస్తుంది. రెండోది తల ఎడమ వైపుకి, మూడోది ఎడమ చేతికి. చేతులకి వెళ్లే ధమనుల్ని సబ్‌క్లేవియన్ అంటారు, మెడలోంచి తలకి వెళ్లేవాటిని కెరోటిడ్ అంటారు.

సుమారు వందమందిలో ఒకరికి ఈ వైరింగ్ వేరేగా ఉంటుంది. కుడి చేతి ధమని మొదటి కొమ్మలోంచి రాకుండా, ఎడమ చేతి ధమని కూడా అయిపోయాక చిట్టచివర పుడుతుంది. పుట్టేది ఎడమ వైపు, చేరాల్సింది కుడి చేతికి. అంటే ఛాతీని అడ్డంగా దాటాలి. దాదాపు 80 శాతం మందిలో అది అన్నవాహిక వెనక నుంచి దాటుతుంది. మిగతావాళ్లలో ఎక్కువమందికి అన్నవాహికకీ శ్వాసనాళానికీ మధ్యలోంచి వెళ్తుంది.

ఇలా ఎందుకవుతుంది? తల్లి కడుపులో ఉన్నప్పుడు ఈ రక్తనాళాలు కుడి ఎడమ జతలుగా తయారవుతాయి. తర్వాత అక్కర్లేని ముక్కలు కరిగిపోతాయి. వీళ్లలో ఉండాల్సిన ముక్క కరిగిపోయి, కరగాల్సిన ముక్క ఉండిపోతుంది. అలా ఉండిపోయిన ముక్క కొందరిలో ధమని మొదట్లోనే సంచిలా ఉబ్బి ఉంటుంది. 1936లో బుర్ఖార్డ్ కొమ్మెరెల్ అనే జర్మన్ డాక్టర్ బతికున్న మనిషిలో, ఎక్స్‌రే సాయంతో దీన్ని గుర్తించి రాశాడు. అందుకే దాని పేరు కొమ్మెరెల్ డైవర్టిక్యులమ్. అంతకు చాలా ముందే డేవిడ్ బేఫోర్డ్ అనే ఇంగ్లిష్ డాక్టర్ ఇలాంటి ధమని వల్ల ముద్ద మింగలేకపోయిన ఒక మహిళ గురించి ప్రచురించాడు. ఆ ఇబ్బందికి డిస్ఫేజియా లుసోరియా అని పేరొచ్చింది. లుసోరియా అనే మాట వెనక ఉన్న లాటిన్ భావం ‘ప్రకృతి ఆడిన ఆట’.

ఇప్పుడు ముఖ్యమైన మాట. రిపోర్టులో ఈ లైన్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి జీవితాంతం ఏ ఇబ్బందీ రాదు, ఏ ఆపరేషనూ అక్కర్లేదు. డాక్టర్లు ఆలోచించేది రెండు సందర్భాల్లో. ఒకటి, మింగడం కష్టం, ఆయాసం లాంటి లక్షణాలు నిజంగా దీనివల్లే వస్తుంటే. రెండు, ఆ సంచి పెద్దదైతే. 2022 అమెరికన్ మార్గదర్శకాల ప్రకారం సంచి మూతి 3 సెంటీమీటర్లు దాటినా, సంచినీ దాని పక్కనున్న అయోర్టానీ కలిపి కొలిస్తే 5 సెంటీమీటర్లు దాటినా బాగుచేయడం సమంజసం. ఎందుకంటే పలచబడిన గోడ చీలొచ్చు, పగలొచ్చు. ఛాతీలో అయోర్టా పగిలితే ఆస్పత్రి చేరేంత టైమ్ కూడా చాలామందికి దొరకదు.

సరే, ఎలా బాగుచేస్తారు? పాత దారి ఓపెన్ సర్జరీ. పక్కటెముకల మధ్య నుంచి ఛాతీ తెరిచి, సంచి ఉన్న అయోర్టా ముక్క తీసేసి, పాలిస్టర్ గొట్టం కుడతారు. చాలాసార్లు గుండె-ఊపిరితిత్తుల మెషీన్ కావాలి. కొన్నిసార్లు ఒంటిని బాగా చల్లబరిచి కాసేపు రక్తప్రసరణే ఆపాలి. సమస్యని మొదలంటా తీసేసే పద్ధతి ఇది. వయసులో ఉండి, ఊపిరితిత్తులు బాగున్న మనిషి తట్టుకుంటాడు. డెబ్బై ఏళ్ల పెద్దాయనకి, అందులోనూ పొగతాగే అలవాటు ఉన్నాయనకి చాలా బరువైన ఆపరేషన్.

రెండో దారి స్టెంట్ గ్రాఫ్ట్. గుడ్డ గొట్టానికి లోహపు స్ప్రింగులు కుట్టి, బాగా నొక్కి, పెన్సిల్ మందం ఉండే గొట్టంలో పెట్టి, గజ్జల దగ్గర ధమనిలోంచి ఎక్స్‌రే చూస్తూ పైకి పంపుతారు. సరైన చోట వదిలితే గొడుగులా విచ్చుకుని అయోర్టా గోడకి అతుక్కుంటుంది. రక్తం ఆ గుడ్డ గొట్టం లోపలినుంచి పోతుంది, సంచి బయటే ఉండిపోతుంది. ఛాతీ తెరవక్కర్లేదు. వినడానికి సూపర్ కదా?

చిక్కు ఇక్కడే ఉంది. ఆ గొట్టం లీక్ కాకుండా అతుక్కోవాలంటే సంచికి ముందు సుమారు 2 సెంటీమీటర్ల మంచి గోడ కావాలి. కానీ దారి మార్చిన ఈ ధమని ఎడమ చేతి ధమనికి ఆనుకునే పుడుతుంది. 2 సెంటీమీటర్ల జాగా దొరకాలంటే తరచుగా ఎడమ చేతి కొమ్మని కూడా మూసేయాలి. అంటే ఒకే దెబ్బకి రెండు చేతుల లైన్లూ కట్. చేతులు ఎలాగోలా తట్టుకోవచ్చు. కానీ మెదడు వెనక భాగానికి వెళ్లే రెండు వర్టిబ్రల్ ధమనులు పుట్టేది ఈ చేతి ధమనుల్లోంచే. వెన్నుపాముకి కూడా వీటినుంచి కొంత రక్తం వెళ్తుంది. రెండూ ఒకేసారి ఆగితే పక్షవాతం రావచ్చు, కాళ్లు పడిపోవచ్చు. గతంలో గుండె బైపాస్ అయినవాళ్లకి ఎడమ చేతి ధమనిలోంచి వచ్చే కొమ్మతో గుండెకి రక్తం ఇస్తుంటే, అది కూడా ఆగిపోతుంది.

అందుకే హైబ్రిడ్. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఇది జీరో డౌన్‌టైమ్ మైగ్రేషన్. పాత సర్వర్ని ముందే ఆపం. కొత్త సర్వర్ పెట్టి, ట్రాఫిక్ మళ్లించి, అంతా నడుస్తోందని చూసుకున్నాకే పాతదాన్ని ఆఫ్ చేస్తాం.

మొదటి స్టెప్ ఓపెన్ సర్జరీయే, కానీ ఛాతీలో కాదు, మెడ దగ్గర. కాలర్ ఎముకకి పైన చిన్న కోతతో కెరోటిడ్ నుంచి చేతి ధమనికి ఒక గొట్టం బైపాస్‌గా కుడతారు. లేదా చేతి ధమనినే కోసి తెచ్చి నేరుగా కెరోటిడ్‌కి కలిపేస్తారు. అవసరాన్ని బట్టి కుడివైపు మాత్రమే, లేదా రెండు వైపులా. ఇప్పుడు చేతులకీ మెదడు వెనక భాగానికీ కొత్త రూట్ రెడీ.

రెండో స్టెప్ స్టెంట్ గ్రాఫ్ట్. అదే రోజు చేయొచ్చు, కొన్ని రోజులు ఆగి కూడా చేయొచ్చు. వదిలేటప్పుడు రక్తపు తోపుకి అది జరిగిపోకుండా బీపీని కాసేపు తగ్గిస్తారు. మూడో పని చిన్నదే కానీ వదిలేయకూడనిది: పాత ధమని మొదలుని, వర్టిబ్రల్ కొమ్మ రాకముందే, కట్టేయడమో ప్లగ్ పెట్టి మూయడమో చేయాలి. లేకపోతే కొత్త బైపాస్‌లోంచి రక్తం వెనక్కి తిరిగొచ్చి సంచిని మళ్లీ నింపుతుంది. ముందు తలుపు మూసి దొడ్డి తలుపు తెరిచి పెట్టినట్టే.

మరి ఇదే బెస్టా? అలా చెప్పలేం. స్టెంట్ పెట్టాక సంచి ఒంట్లోనే ఉంటుంది. రక్తం ఆగాక గడ్డకట్టి, నెలల మీద కుంచించుకుపోవచ్చు. అందరికీ అలా జరగదు. కాబట్టి పగిలే భయం తగ్గినా, మింగే ఇబ్బంది పూర్తిగా పోతుందన్న గ్యారంటీ లేదు. స్ట్రోక్, వెన్నుపాము రిస్క్ తగ్గుతుంది తప్ప సున్నా అవదు. పైగా జీవితాంతం స్కాన్లతో ఫాలో-అప్ ఉండాలి. ఇరవై ఐదేళ్ల కుర్రాడికి అది యాభై ఏళ్ల కమిట్‌మెంట్. సంచి లేకుండా మింగడమే సమస్య అయితే స్టెంట్ లేకుండానే ధమనిని కోసి కెరోటిడ్‌కి కలిపే ఆపరేషన్ సరిపోవచ్చు. ‘కోత లేదు, కుట్టు లేదు’ అనే మాట విని మాత్రం నిర్ణయం తీసుకోకండి.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ మాట వస్తే డాక్టర్ని ఇవి అడగండి. సంచి ఉందా, ఎన్ని సెంటీమీటర్లు? లక్షణాలు దీనివల్లే అని ఎలా తేల్చారు? ఆపరేషన్ చేయకుండా గమనిస్తూ ఉంటే ఏమవుతుంది? స్టెంట్ ఎడమ చేతి కొమ్మని మూస్తుందా, మూస్తే ముందే బైపాస్ చేస్తారా? కార్డియాక్ సర్జన్, వాస్కులర్ సర్జన్, స్టెంట్ వేసే డాక్టర్ కలిసి కూర్చుని చూశారా?

ఏ ఇబ్బందీ లేనివాళ్లకి కూడా ఒక పని ఉంది. ఆ రిపోర్ట్ ఫోటో తీసి ఫోన్లో దాచుకోండి. గొంతుని ఆడించే కుడి వైపు నరం మామూలుగా కుడి చేతి ధమని కింద మెలిక తిరిగి పైకొస్తుంది. ధమని అక్కడ లేకపోతే నరం మెలిక లేకుండా నేరుగా గొంతుకి వెళ్తుంది. ఎప్పుడైనా థైరాయిడ్ ఆపరేషన్ అవసరమైతే సర్జన్‌కి ఇది ముందే తెలియాలి. తెలియకపోతే ఆ నరం తెగి గొంతు బొంగురుపోయే ప్రమాదం ఉంది. కుడి మణికట్టు నుంచి యాంజియోగ్రామ్ చేసే డాక్టర్‌కి కూడా చెప్పండి. ఆ దారిలో వైరు గుండె వైపు తిప్పడం కష్టం. ముందే తెలిస్తే ఎడమ చేతి నుంచి వెళ్తారు.

రిపోర్టులో ఆ చిన్న లైన్ చూసి భయపడక్కర్లేదు, అలాగని చించి పారేయనూ కూడదు. దాచి పెట్టుకోండి, అడగాల్సినవి అడగండి. ఉంటాను, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.